‘చిచి అరికి’ (1942, ఓజు): ఆ గాలం సీను చూశాక నిద్ర పట్టలేదు

రైలుపెట్టె
శనివారం, ఉదయం 7:52

ఒక పావుగంట చూసి పడుకుందాం అని రాత్రి పన్నెండు దాటాక మొదలుపెట్టాను. పూర్తిగా చూసేశాను. యాసుజిరో ఓజు సినిమా, షోచికు కంపెనీది, 1942 ఏప్రిల్ 1న జపాన్‌లో విడుదలైంది. ఇంగ్లీషులో ‘దేర్ వాజ్ ఎ ఫాదర్’ అని వెతికితే దొరుకుతుంది.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. హోరికవా కనజవా ఊళ్ళో లెక్కల మాస్టారు. భార్య లేదు. ఒక్కడే కొడుకు, పేరు ర్యోహేయ్. స్కూలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తే హకోనె దగ్గర అషి సరస్సులో పడవ బోల్తాపడి ఒక కుర్రాడు చనిపోతాడు. మాస్టారు ఉద్యోగం వదిలేసి కొడుకుతో సొంతూరు ఉఎదా చేరతాడు. కొన్నాళ్ళకి వాణ్ణి హాస్టల్లో పెట్టి, తను పని వెతుక్కుంటూ టోక్యో వెళ్తాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం ఉన్నది లేదు. కొడుకు సెందాయ్‌లో చదివి, అకితలో టీచరవుతాడు. సెలవు దొరికితే కలుస్తారు, విడిపోతారు.

నన్ను పడుకోనివ్వని సీను ఒకటుంది. తండ్రీ కొడుకూ ఏటి దగ్గర పక్కపక్కన నిలబడి గాలాలు వేస్తుంటారు. ప్రవాహం దారాన్ని కిందికి లాక్కుపోతుంది. ఇద్దరూ ఒకేసారి కర్ర ఎత్తి మళ్ళీ పైకి విసురుతారు. మళ్ళీ లాక్కుపోతుంది, మళ్ళీ విసురుతారు. కొలత పెట్టి గీసినట్టు రెండు కర్రలూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. తండ్రి ఆ పని ఆపకుండానే హాస్టల్ మాట ఎత్తుతాడు. పిల్లాడి కర్ర ఆగిపోతుంది. తండ్రిది మాత్రం లేస్తూ, పడుతూనే ఉంటుంది.

నేను ఆరో తరగతిలోనే హాస్టల్లో పడ్డాను. రేకుపెట్టె మీద మా నాన్న తెల్లరంగుతో నా పేరు రాశాడు. చివరి అక్షరానికి చోటు చాలక చిన్నగా ఇరికించాడు. గేటు దగ్గర దిగబెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళు దాని మీద కోపం ఉండేది నాకు.

ఇంతకీ అడగాలనుకున్నది: ఈ హోరికవా మంచి తండ్రేనంటారా?


పాప్‌కార్న్
శనివారం, ఉదయం 9:15

బాసూ, నేను పోయిన ఏడాది మొదలెట్టి అరగంటకే ఆపేశా. ప్రింటు నిండా గీతలు, సౌండంతా పకోడీలు వేగుతున్నట్టు చిటచిట. పైగా అందరూ నెమ్మదిగా తలూపుతూ ‘అవునా’, ‘అలాగా’ అంటారు తప్ప ఇంకేం జరగదు. నాకు ఓపిక తక్కువని ఒప్పుకుంటున్నా.


లెక్కలటీచరమ్మ
శనివారం, ఉదయం 10:40

రైలుపెట్టె గారూ, నేను ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ఈ సినిమా నాకు తండ్రి కథగా కాదు, మాస్టారి కథగా ఎక్కింది.

విహారయాత్రకు పిల్లల్ని తీసుకెళ్ళిన టీచరుకే ఆ టెన్షన్ తెలుస్తుంది. బస్సెక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, గుడి ముందు లెక్క, భోజనాల దగ్గర లెక్క. ఒకసారి నాగార్జునసాగర్ దగ్గర నలభై ఆరుగురికి నలభై ఐదే తేలారు. అయిదు నిమిషాలపాటు కాళ్ళలో రక్తం లేదు. తీరా చూస్తే ఆ పిల్ల మొక్కజొన్న పొత్తులవాడి దగ్గర చిల్లర కోసం నిలబడి ఉంది. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

ఓజు ఆ ప్రమాదాన్ని తీసిన పద్ధతి చూడండి. కామకురా మహాబుద్ధుడి ముందు అందరూ వరసగా నిలబడి ఫోటో దిగుతారు. హకోనె కొండదారిలో పాటలు పాడుకుంటూ నడుస్తారు. విడిదిలో మాస్టార్లు గో ఆట ఆడుకుంటూ కూర్చుంటారు. అప్పుడు కబురొస్తుంది. మునిగిపోయే పిల్లాణ్ణి చూపించడు. నీళ్ళ మీద బోర్లాపడ్డ పడవను చూపిస్తాడు, అంతే.

పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పడవెక్కారు. తోటి మాస్టారు హిరాతా కూడా ‘నీ తప్పేముంది’ అని ఆపుతాడు. అయినా ఈయన వినడు. కన్నవాళ్ళు నమ్మి అప్పజెప్పిన పిల్లాణ్ణి తిరిగి అప్పజెప్పలేకపోయాక పాఠం చెప్పే ధైర్యం ఇంక ఎక్కడిది? నాకు అది అతి అనిపించలేదు. ఇంకొకరి బిడ్డ విషయంలో భయపడ్డ మనిషి తన బిడ్డను మాత్రం ఎందుకు దూరం పెట్టాడన్నదే నాకు అంతుపట్టలేదు.


మిరపబజ్జి
శనివారం, మధ్యాహ్నం 12:05

అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు గనక ఎవరో ఒకరు చెప్పాలి. ఇది యుద్ధం నడుస్తుండగా యుద్ధానికి పనికొచ్చేలా తీసిన సినిమా.

కొడుకు ‘ఉద్యోగం మానేసి టోక్యో వచ్చి మీ దగ్గరే ఉంటాను నాన్నా’ అంటే తండ్రి ఏమంటాడు? నీకు అప్పజెప్పిన పని నీ ధర్మం, సొంత సుఖం చూసుకోకు అని మందలిస్తాడు. కొడుకు సైన్యానికి పనికొస్తాడని పరీక్షలో తేలితే సంతోషించి, చనిపోయిన భార్యకు దండం పెట్టి చెప్పమంటాడు. ఆ కొడుకు క్లాసులో చెప్పే పాఠమేంటో గుర్తుందా? టీఎన్‌టీ. పేలుడు మందు. 1939లో అక్కడ సినిమా చట్టం వచ్చాక స్క్రిప్టు ముందుగా ప్రభుత్వానికి చూపించాలి, వాళ్ళు సరేనంటేనే షూటింగ్. అలాంటి ఏలుబడిలో ‘బంధాలు పక్కన పెట్టు, డ్యూటీ చెయ్యి’ అనే తండ్రి ఎవరికి కావాలో ఊహించలేనంత అమాయకులమా మనం?

ఓజు కూడా ఇంట్లో కూర్చుని టీ తాగుతూ తీసినవాడు కాదు. 1937 నుంచి 1939 దాకా చైనాలో సైనికుడు, అదీ విషవాయువు దళంలో. అది మాట్లాడకుండా గాలాల అందం గురించి మాట్లాడుకోవడం నాకు నచ్చదు.


షాట్‌బైషాట్
శనివారం, మధ్యాహ్నం 2:30

మిరపబజ్జి చెప్పిన వివరాలన్నీ కరెక్టే. అయితే కథ అంత నున్నగా లేదు.

ఒకటి, ఈ స్క్రిప్టు మొదటి రూపం ఓజు చైనా వెళ్ళకముందు రాసుకున్నది. తిరిగొచ్చాక ఇకెదా తదావో, యానాయ్ తకావోలతో కూర్చుని తిరగరాశాడు. అంటే విడిగా బతికే తండ్రీ కొడుకులన్న బీజం యుద్ధం ఆర్డరు మీద పుట్టింది కాదు. ఓజు చిన్నప్పుడు వాళ్ళ నాన్న వ్యాపారం కోసం టోక్యోలో ఉండిపోయాడు, తల్లీ పిల్లలు మత్సుసాకాలో. దాదాపు పదేళ్ళు అలాగే. పైగా ఓజు కూడా హాస్టల్లో చదివినవాడే, అక్కణ్ణుంచి గెంటేస్తే బయటపడ్డవాడే.

రెండు, చైనా నుంచి వచ్చాక రాసిన మరో స్క్రిప్టును సెన్సారువాళ్ళు తిప్పికొట్టారు. కారణం వింటే నవ్వొస్తుంది. యుద్ధానికి బయల్దేరే మొగుడు ముందురోజు రాత్రి పెళ్ళాంతో కలిసి టీ పోసుకున్న అన్నం తింటాడట. అలాంటి శుభసమయంలో ఎర్ర చిక్కుడు గింజల అన్నం తినాలి గానీ ఈ చద్దన్నం లాంటి తిండేంటి, గంభీరంగా లేదు అన్నారు. ఆ కథనే మార్పులు చేసుకుని 1952లో తీశాడు.

నటుల గురించి ఒక ముక్క. తండ్రిగా వేసిన చిషు ర్యూకి అప్పటికి 37 ఏళ్ళు. పెద్దయిన కొడుకుగా వేసిన సానో షూజి ఆయనకన్నా ఎనిమిదేళ్ళే చిన్న. తెల్లజుట్టు సంగతి వదిలేయండి, నేలమీద కూర్చున్నవాడు లేచేటప్పుడు చేతులు ఎక్కడ ఆనిస్తాడో చూడండి. ముసలితనం అక్కడ కనబడుతుంది.


ఓసాకాలో_ఆవకాయ
శనివారం, సాయంత్రం 4:18

ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, కాబట్టి భాష వైపు నుంచి రెండు మాటలు.

‘చిచి’ అంటే నాన్న. ‘అరికి’ మాత్రం ఇప్పుడెవరూ మాట్లాడని పాత గ్రాంథికం. మన లెక్కలో ‘నాన్న ఉండేవాడు’ కాదు, ‘తండ్రి యుండెను’ అన్నట్టు వినిపిస్తుంది. సమాధిరాయి మీద చెక్కిన వాక్యంలా ఉంటుంది ఆ పేరు.

రెండోది పాట. మీలో చాలామంది చూసింది పాత ప్రింటు, 87 నిమిషాలది. అసలు సినిమా 94 నిమిషాలు. యుద్ధం అయ్యాక జపాన్‌ని ఆక్రమించిన అమెరికావాళ్ళ సెన్సారు కొన్ని ముక్కలు తీసేయించింది. చివర్లో రైలు వెళ్తుంటే ‘ఉమి యుకబ’ పాట వచ్చేదట, అది పోయింది. పాత విద్యార్థులు మాస్టారికి సన్మానం చేసే విందులో పాడే వీరపద్యాలూ పోయాయి. తర్వాత రష్యా ఆర్కైవ్‌లో ఇంకో ప్రింటు దొరికింది. దాన్నీ దీన్నీ కలిపి బాగుచేసిన వెర్షన్‌ని 2023లో వెనిస్ ఫెస్టివల్‌లో వేశారు.

‘ఉమి యుకబ’ మాటలు ఎనిమిదో శతాబ్దపు ‘మన్యోషు’ పద్యసంకలనంలోవి. ‘సముద్రానికి వెళ్తే నీట నానే శవమవుతాను, కొండకు వెళ్తే గడ్డి మొలిచే శవమవుతాను, ప్రభువు పక్కనే చస్తాను’ అని భావం. 1937లో బాణీ కట్టారు. యుద్ధంలో సైనికులు సామూహికంగా చనిపోయిన వార్త రేడియోలో చెప్పే ముందు ఇదే వేసేవారు. మా పక్కింటి పెద్దావిడ ఈ బాణీ ఎక్కడ వినబడినా టీవీ కట్టేస్తుంది.

ఇప్పుడు ఆ చివరి సీన్ ఊహించుకోండి. రాత్రి రైలు. పైన సామాను పెట్టే చోట తండ్రి అస్థికల పెట్టె. కింద కొడుకూ, కొత్త పెళ్ళాం ఫుమికో. ‘చిన్నప్పటినుంచి నాన్నతో కలిసి ఉండాలని అనుకునేవాణ్ణి, ఈ వారం రోజులే నా జీవితంలో అన్నిటికన్నా సంతోషంగా గడిచాయి’ అంటాడు. ఆ అమ్మాయి ఏడుస్తుంది. దాని మీద ఆ పాట ఉంటే ఒక సినిమా, లేకపోతే ఇంకో సినిమా.


మిరపబజ్జి
శనివారం, సాయంత్రం 4:41

అదిగో. ఆ పాట కోసేసిన ప్రింటు చూసి ప్రపంచమంతా ‘ఆహా, యుద్ధం వాసనే లేని సినిమా’ అంది. సబ్బుతో కడిగింది అమెరికావాడు, పేరు ఓజుకి.


షాట్‌బైషాట్
శనివారం, సాయంత్రం 5:10

హహ, ఈ మాట బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ పాట పెట్టినా ఆ పిల్ల ఏడుపు ఆగదు కదా. శవమవడం గొప్ప అని పాట చెప్తుంటే కింద సీట్లో ఒకమ్మాయి మామగారి కోసం వెక్కివెక్కి ఏడుస్తోంది. నాకు ఆ రెండూ కలవవు.


బీచ్‌రోడ్
శనివారం, రాత్రి 8:25

రైలుపెట్టె గారు రాసిన విడుదల తేదీ దగ్గరే ఆగిపోయాను నేను. ఏప్రిల్ 1, 1942.

మా విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది అదే ఏప్రిల్ 6న, సోమవారం. కాకినాడ మీద కూడా అదే రోజు. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి ఆ విమానాలు. అంటే టోక్యోలో ఈ సినిమా మొదటి వారం ఆడుతుండగా ఇక్కడ మా హార్బరు మీద బాంబులు పడుతున్నాయి.

మా మామ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆవిడ చెప్పే కథలో బాంబు శబ్దం కన్నా జనం ఊరు వదిలి పారిపోవడమే ఎక్కువ. పొయ్యి మీద పప్పు దించకుండానే బండి కట్టారట. వాళ్ళ నాన్న మాత్రం రాలేదు. రైల్వేలో చిన్న ఉద్యోగం, డ్యూటీ వదిలి రాకూడదని ఉండిపోయాడు. ‘మీరు పదండి, నేను శనివారం వస్తా’ అన్నాడట. మూడు నెలలకి వచ్చాడు. మామ్మ ఎనభై ఏళ్ళప్పుడు కూడా ‘శనివారం వస్తానన్నాడే’ అని మూతి ముడిచేది.

నేనీ సినిమా చూసింది ఆవిడ పోయాకే. హోరికవాలో నాకు కనబడింది మాత్రం ఆ రైల్వే తాతయ్యే. ఆ రోజుల్లో అటువైపైనా ఇటువైపైనా తండ్రులు ఇంట్లో ఒకేలా మాట్లాడేవాళ్ళేమో.


లెక్కలటీచరమ్మ
శనివారం, రాత్రి 9:02

బీచ్‌రోడ్ గారూ, పప్పు కుండ దగ్గరే నాకు గొంతు పట్టేసింది. మామ్మగారు ఆ తర్వాత నాన్నను క్షమించారా?


బీచ్‌రోడ్
శనివారం, రాత్రి 9:20

లేదండీ. కానీ ఆయన ఫోటోకి శనివారం శనివారం పూలు పెట్టేది.


పాప్‌కార్న్
శనివారం, రాత్రి 9:48

సరే, మళ్ళీ మొదలెడుతున్నా. ఈసారి హెడ్‌ఫోన్లు లేకుండా, చిటచిట తగ్గుతుందేమో.


షాట్‌బైషాట్
శనివారం, రాత్రి 10:30

ఈ సినిమా నచ్చినవాళ్ళు, నచ్చనివాళ్ళు కూడా, తప్పకుండా దీని పక్కన పెట్టి చూడాల్సింది ఒకటుంది. 1944 డిసెంబరులో వచ్చిన ‘రికుగున్’, అంటే భూసైన్యం, ఆర్మీ. కినోషిత కేయ్‌సుకె డైరెక్టరు. ఇదీ షోచికుదే. స్క్రిప్టు ఇదే ఇకెదా తదావో. తండ్రి వేషం మళ్ళీ మన చిషు ర్యూ. అచ్చంగా సైన్యం కోసం తీయించిన సినిమా అది, ఎలాంటి ముసుగూ లేదు. మూడు తరాల కుటుంబం, బలహీనంగా పిరికిగా ఉండే కొడుకుని సైనికుడిగా తయారుచేయడం, అదీ కథ.

అంతా సవ్యంగా నడిచి, చివరి పది నిమిషాల్లో మొత్తం తిరగబడుతుంది. తనకా కినుయో తల్లి. కొడుకు ఈరోజు హకాతా వీధుల్లోంచి కవాతు చేస్తూ యుద్ధానికి వెళ్ళిపోతున్నాడు. ఏడుస్తానేమోనని వీడ్కోలుకి వెళ్ళకుండా ఇంట్లోనే ఉంటుంది. సైనికులు కంఠస్థం చేయాల్సిన రాజాజ్ఞ వాక్యాలు తనలో తనే గొణుక్కుంటుంది. దూరంగా బాకా వినిపిస్తుంది. అంతే, లేచి బయటికి వస్తుంది, నడక పరుగవుతుంది. జెండాలు ఊపే జనం మధ్య దూరి, తోసుకుని, కవాతు పక్కనే పరుగెడుతూ ఒక్కో ముఖం వెతుకుతుంది. కొడుకు కనబడతాడు. పక్కనే పరుగెడుతుంది. ఒక్క డైలాగ్ లేదు. చివరికి జనం తోపులాటలో కింద పడిపోతుంది. లేచి, వెళ్ళిపోతున్న వరస వైపు చేతులు జోడించి నిలబడుతుంది.

సైన్యంవాళ్ళకి మండిపోయింది. స్క్రిప్టు పేజీల్లో వాళ్ళకి అభ్యంతరం ఏమీ కనబడలేదు మరి, ‘తల్లి కొడుకుని సాగనంపుతుంది’ అని ఒక్క ముక్క ఉంటే ఏం తప్పు పడతారు? తెర మీద చూశాక గానీ తెలియలేదు. కినోషిత తర్వాతి సినిమా ఆపేశారు. ఆయన కంపెనీకి రాజీనామా ఇచ్చి సొంతూరు హమమత్సు వెళ్ళిపోయాడు.


మిరపబజ్జి
ఆదివారం, ఉదయం 8:12

రాత్రి ‘రికుగున్’ చివరి రీలు చూశా. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ పరుగు ముందు నేను పోస్టుల్లో వాడిన మాటలన్నీ తేలిపోయాయి.

కానీ ఒకటి గమనించండి. దీనివల్ల నా వాదన గట్టిపడిందే తప్ప వీగలేదు. అదే కంపెనీ, అదే రచయిత, అదే ఏలుబడి. కినోషిత అంతకన్నా కష్టకాలంలో అంత చేయగలిగితే, ఓజు అంతకన్నా రెండేళ్ళ ముందు ఎందుకు చేయలేదు? హోరికవా ఆసుపత్రి మంచం మీద ‘చేయగలిగింది చేశాను’ అని తృప్తిగా కళ్ళు మూస్తాడు. ఆయన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు.


ఓసాకాలో_ఆవకాయ
ఆదివారం, ఉదయం 9:30

అడిగారండీ, పిల్లాడి గాలం అడిగింది.

ఇంకో సంగతి, మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. 1943లో ఓజుని సైన్యం సింగపూర్ పంపింది, సినిమా తీయమని. ఆయన అక్కడ తయారుచేసుకున్న కథ ఆజాద్ హింద్ ఫౌజ్ గురించి, పేరు ‘ఢిల్లీకి, ఢిల్లీకి’ అన్న అర్థంలో. పూర్తవలేదు. అమెరికా నుంచి స్వాధీనం చేసుకున్న సినిమాలు, ‘సిటిజన్ కేన్’ లాంటివి, అక్కడే కూర్చుని బోలెడు చూశాడట. ఓటమి ఖాయమయ్యాక తన సామగ్రి తగలబెట్టి, 1946లో ఇంటికొచ్చాడు. ఓజు తీసిన సుభాష్‌బాబు సైన్యం ఎలా ఉండేదో! బహుశా ఇద్దరు సిపాయిలు నేలమీద కూర్చుని, యుద్ధం గురించి కాకుండా ఇంటి దగ్గర మామిడిచెట్టు గురించి మాట్లాడుకునేవాళ్ళేమో.


లెక్కలటీచరమ్మ
ఆదివారం, ఉదయం 11:15

మిరపబజ్జి బాబూ, నీ కోపం నాకు అర్థమైంది. కానీ ఆ సన్మానం విందు సీను ఇంకోసారి చూడు. పాత విద్యార్థులంతా కోటులు వేసుకుని కూర్చున్నారు. మాస్టారు ‘పెళ్ళయినవాళ్ళు చేతులెత్తండి’ అంటాడు. దాదాపు అందరూ ఎత్తుతారు. ‘పిల్లలున్నవాళ్ళు?’ అంటాడు. మళ్ళీ ఎత్తుతారు. ఆయన ముఖం వెలిగిపోతుంది.

నువ్వు క్లాసు ఎప్పుడూ తీసుకోలేదు గనక ఇది నీకు పట్టి ఉండదు. ఆయన అక్కడ లెక్కపెడుతున్నాడయ్యా. ఆ రోజు సరస్సు దగ్గర ఒకటి తక్కువైన లెక్క.


మిరపబజ్జి
ఆదివారం, ఉదయం 11:31

టీచరమ్మా, మీరు ఇలా రాస్తే ఎలా పోట్లాడను చెప్పండి. సినిమా మీద అభిప్రాయం మారలేదు. ఆ సీను మాత్రం మీకు రాసిచ్చేస్తున్నా.


రైలుపెట్టె
ఆదివారం, రాత్రి 10:05

ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. అందరికీ థాంక్స్.

ఈరోజు మధ్యాహ్నం మా నాన్నను కూర్చోబెట్టి సినిమా వేశాను. ఆయనకి 78. సబ్‌టైటిల్స్ చదవలేడు, పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్తూ వచ్చాను. గాలం సీను దగ్గర నేను చెప్పడం ఆపేశాను. ఆయనా ఏమీ అడగలేదు. పిల్లాడి కర్ర ఆగిపోయినప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి లుంగీతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మళ్ళీ షియొబరా దగ్గర, కొడుకు పెద్దయ్యాక, ఇద్దరూ వేడినీళ్ళ స్నానాలు చేసి మళ్ళీ ఏటికి వెళ్తారు కదా. మళ్ళీ రెండు కర్రలూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. అక్కడ మా నాన్న గట్టిగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు:

“ఇందాకట్నుంచి వేస్తూనే ఉన్నారు, ఒక్క చేపైనా పడిందా వాళ్ళకి?”

నేను వెనక్కి తిప్పి తిప్పి చూశాను, నాకైతే కనబడలేదు. షాట్‌బైషాట్ గారూ, మీరేమైనా చూశారా?